ఎండాకాలంలో తేనెటీగల పెట్టెలు: ఈగలు బయట వేలాడుతుంటే ఏం చేయాలి, ఉన్న తేనె తీయాలా వద్దా

మీ ప్రశ్న చదివానండీ. ఖమ్మం పక్కన డాబా మీద రెండు పుట్ట తేనెటీగల (మన దేశవాళీ ఈగలు) పెట్టెలు, డిసెంబరులో తెచ్చుకున్నారు, ఇదే మొదటి ఎండాకాలం. చీకటి పడగానే ఈగలు గుత్తులుగా పెట్టె ముందు వేలాడుతున్నాయి. పక్కింటివాళ్లు కుళాయి దగ్గర ఈగల గోల పడలేకపోతున్నామంటున్నారు. పెట్టెలో తేనె చేరే పై అరలో, అంటే తేనెగదిలో, తేనె ఉంది, తీయాలో వద్దో తెలియడం లేదు. రెండో పెట్టె బరువు తక్కువగా ఉందని కూడా రాశారు. వీడియోల్లో చూస్తే ఎండలు రాగానే తేనెగదులు ఒకదాని మీద ఒకటి ఎక్కించమంటున్నారు. తెలిసినవాళ్లేమో బయటి దేశపు రకమైన ఇటాలియన్ ఈగలకు మారిపొమ్మంటున్నారు. అన్నిటికీ చెబుతాను, కానీ మీరు అడిగిన వరసలో కాదు.

ముందు ఆ వీడియోల సంగతి. అవి చాలావరకు అమెరికావో ఇంగ్లండువో అయి ఉంటాయి. అక్కడ పూత బాగా ఉండేదే ఎండాకాలం. మంచు పడే నెలల్లో ఈగలు లోపల ముద్దగా చేరి దాచుకున్న తేనె తింటూ గడుపుతాయి, వాళ్లు అప్పుడు మూత తీయరు. మన మైదానాల్లో గండం గడవాల్సింది ఎండల్లో, ఆ తర్వాత ముసురు వానల్లో. మన దగ్గర పెట్టె బలపడేది, తేనె చేరేది దసరా దాటిన దగ్గర్నించి వేప, కానుగ పూత ముగిసేదాకా. అంటే వాళ్లు జనవరిలో పెట్టెను ఎలా చూసుకుంటారో మనం మే నెలలో అలా చూసుకోవాలి. నీడ, నీళ్లు, కొంత తేనె నిల్వ ఉండేలా చూసి, మూత తీయాలన్న సరదాను అదుపులో పెట్టుకోవాలి. ఏప్రిల్ నెలాఖరులో కొత్తగా తేనెగది ఎక్కించడం మాత్రం వద్దు. ఈగలు కాపాడుకోలేని ఖాళీ చోటు పెట్టెలో పెరిగితే అది మైనపు పురుగుకే పనికొస్తుంది.

ఇక వేలాడటం. దానికి టెన్షన్ అక్కర్లేదు. పిల్ల (గుడ్లు, ఇంకా ఈగ కాని పురుగులు) పెరిగే చోట వేడి 34, 35 డిగ్రీల దగ్గర నిలవాలి, అంతకు మించి ఎక్కువసేపు ఉంటే పిల్ల చెడుతుంది. పగలు బయట తిరిగిన ఈగలన్నీ సాయంత్రం ఇల్లు చేరేసరికి లోపల ఉక్క పెరుగుతుంది. అందుకని పనిలేనివి గుమ్మం బయటికి, అడుగు పలక కిందికి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. ఎండాకాలంలో మనం మంచాలు డాబా మీద వేసుకున్నట్టే అనుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి చూడండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఈగలకు ఎరుపు కనబడదు కాబట్టి వెలుగు మీదికి రావు. ఆ చల్లటి వేళకు గుత్తి చాలావరకు లోపలికి సర్దుకుని ఉంటే అంతా బాగున్నట్టే. ఉదయం ఎనిమిది దాటినా పనికి పోకుండా అలాగే వేలాడుతుంటే మాత్రం పెట్టె బాగా వేడెక్కుతోందని అర్థం.

గుత్తిని చూసి పెట్టె చీలిపోతోందేమో, అంటే కొన్ని ఈగలు రాణితో వేరుపడి పోతున్నాయేమో అని కొందరు కంగారుపడతారు. చీలే పెట్టెలో పోతుటీగలు (మగవి) బాగా కనబడతాయి, ఫ్రేముల (ఈగలు తెట్టె కట్టే చెక్క చట్రాల) కింది అంచున కిందికి వేలాడుతూ పొడుగాటి రాణి గదులు ఉంటాయి. మన వైపు అది ఎక్కువగా పూత ఊపు మీద ఉన్న చలికాలం చివర్లో జరిగే పని. నాలుగు చినుకులు పడి పూత బాగుంటే ఏప్రిల్‌లోనూ జరగొచ్చు, కాదనను. ఎండల్లో అసలు భయపడాల్సింది మాత్రం చీలడానికి కాదు, మొత్తానికే లేచిపోవడానికి. దాని గురించి తర్వాత చెబుతాను.

ఓ సాయంత్రం గుమ్మానికి ఒక పక్కగా కూర్చుని చూడండి. కొన్ని ఈగలు కాళ్లు పలకకు బిగించి అదేపనిగా రెక్కలాడిస్తుంటాయి. మన పుట్ట ఈగలు తల బయటికి పెట్టి విసురుతాయి, గాలి లోపలికి పోతుంది. ఇటాలియన్ ఈగలు తల లోపలికి పెట్టి లోపలి గాలిని బయటికి లాగుతాయి. ఓ దూదిపోగు పట్టుకుంటే అది ఎటు ఊగుతోందో తెలుస్తుంది. లోపల మరికొన్ని ఈగలు నీటి ఈగలు తెచ్చిన బొట్లను అందుకుని తెట్టెలోని చిన్న గదుల అంచులకు పూస్తాయి, కొన్ని నాలుక మీదే పల్చటి పొరగా చాచి ఆరబెడతాయి. ఆ తడి మీదుగా గాలి పోతేనే లోపల చల్లబడుతుంది. మన కూలర్ పనిచేసేదీ ఇలాగే. నీళ్లు దగ్గర్లో లేకపోతే ఎంత విసిరినా వేడిగాలే తిరుగుతుంది. తేనెకు పోవాల్సిన ఈగలు నీళ్లు మోయడంలోనే అయిపోతాయి.

అందుకే మీ పక్కింటి గొడవకు, పెట్టె వేడికి మందు ఒక్కటే. ఒక వెడల్పాటి మట్టి మూకుడు తీసుకుని అందులో గులకరాళ్లో కొబ్బరి పీచో వేసి, రాళ్ల తలలు పైకి కనబడేలా నీళ్లు పోయండి. లోతు నీళ్లలో ఈగలు పడి చస్తాయి. వాటికి కావాల్సింది తడి అంచు. మూకుడును పెట్టె గుమ్మం దగ్గర పెట్టకండి, పది పదిహేను అడుగుల దూరంలో నీడన పెట్టండి. ఉత్త నీటికి వాసన ఉండదు కాబట్టి కొత్త చోటు అవి త్వరగా కనిపెట్టలేవు. కాలువ నీళ్లకూ, పశువుల దగ్గర తడికీ ఎగబడేది ఆ వాసనకూ ఉప్పుకే. మొదటి రెండు రోజులు చిటికెడు ఉప్పు, కొద్దిగా పంచదార కలపండి. అలవాటు పడ్డాక పంచదార మానేయండి, లేకపోతే చీమల జాతర. తడి పీచు మీద వాలిన ఈగ కదలకుండా కూర్చుని, పొట్ట వెనక భాగం ఆడిస్తూ కాసేపు తాగుతుంది. అది మళ్లీ మళ్లీ అదే చోటికి వస్తుంది. ఈ గుణమే మీకు మేలూ, కీడూ. ఒక్క మధ్యాహ్నం మూకుడు ఎండిందా, పక్కింటి కుళాయి మళ్లీ గుర్తొస్తుంది. ఆఫీసుకు వెళ్లేవాళ్లయితే కుండ అడుగున సన్నటి చిల్లి పెట్టి వత్తి దూర్చి మూకుడు మీద వేలాడదీయండి, సాయంత్రం దాకా చుక్క చుక్క పడుతుంది.

పక్కింటివాళ్ల కుళాయి కారుతుంటే ప్లంబర్‌ను మీరే పిలిచి, డబ్బులు కూడా మీరే ఇవ్వండి. ఓ వారం పాటు ఆ కుళాయి కింద బకెట్‌కు మూత పెట్టమనండి. నీళ్లు తాగే ఈగ కుట్టడానికి రాదు, చేయి పడితేనో కాలికింద పడితేనో కుడుతుంది. ఇది చెబితే వింటారు. ఓ చిన్న సీసా తేనె ఇస్తే ఇంకా బాగా వింటారు.

నీడ విషయానికొస్తే, డాబా మీద పెట్టె ఉందంటే పై ఎండ ఒక్కటే కాదు, కింది స్లాబు కూడా శత్రువే. స్లాబు పగలంతా కాగి రాత్రి పదింటిదాకా వేడి కక్కుతుంది. స్టాండు రెండడుగుల ఎత్తన్నా ఉండాలి. పెట్టెల చుట్టుపక్కల స్లాబుకు తెల్లటి సున్నం కొట్టించండి, చవక, తేడా చేయి పెడితేనే తెలుస్తుంది. పైన రేకు వేయొద్దు. తాటాకులో కొబ్బరి మట్టలో పందిరిగా వేసి, పెట్టె మూతకూ పందిరికీ మధ్య గాలి ఆడేంత ఎడం వదలండి. పడమటి వైపు ఓ తడిక కట్టండి, మీ వైపు మధ్యాహ్నం వడగాలి అటునుంచే కొడుతుంది. మూత మీద గోనెసంచి పరిచి పదకొండింటికోసారి, మూడింటికోసారి తడపండి. ఖమ్మం పొడి ఎండకు ఇది బాగా పనిచేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి గోనె తడిపినా ఆరదు. అక్కడివాళ్లు తడి మీద కంటే గాలి ఆడటం మీద దృష్టి పెట్టాలి. మూతలో జాలీ ఉంటే దాన్ని ఈగలు మైనంతో మూసేయలేదు కదా అని చూడండి.

పెట్టె చోటు మార్చాల్సి వస్తే ఒక్కసారిగా పది అడుగులు జరపకండి. పొద్దున పోయిన ఈగలు పాత చోటికే తిరిగొచ్చి గాల్లో చక్కర్లు కొడతాయి. రాత్రిపూట రోజుకు ఒకటి రెండు అడుగుల చొప్పున జరపండి.

మూత తీయడం. ఇప్పుడు రెండు వారాలకోసారి చాలు. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకల్లా రెండు పెట్టెలూ మూసేయాలి. అంతకంటే ఆలస్యమైతే మీకూ మంచిది కాదు. ముసుగు, చేతి తొడుగులు, మందపాటి చొక్కా వేసుకుని 40 డిగ్రీల్లో నిలబడితే ఈగ కుట్టకముందే వడదెబ్బ కొడుతుంది. పొగడబ్బాలో కొబ్బరి పీచు, పిడక ముక్క చాలు. మన పుట్ట ఈగలకు రెండు మూడు సార్లు వదిలితే సరిపోతుంది, ఎక్కువ పొగ పెడితే అవి బెదురుతాయి. పని అయ్యాక పొగడబ్బా నిప్పు ఆర్పకుండా ఎండుటాకుల మీద పెట్టకండి.

ఫ్రేము ఎత్తినప్పుడు నిటారుగానే పట్టుకోండి, పడుకోబెట్టి చూడొద్దు. మైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి గానీ, 40 దగ్గరే మెత్తబడుతుంది. తేనె బరువున్న కొత్త తెట్టెను వంచితే ఫ్రేములోంచి ఊడి కాళ్ల మీద పడుతుంది. తిప్పి చూడాలంటే నిటారుగానే, పిడి మీద తిప్పండి. పెట్టె పైనే పట్టుకుని చూడండి, రాణి జారితే లోపలే పడుతుంది. రాణి కోసం వెతకొద్దు. సూర్యుడికి వీపు పెట్టి వెలుగు గదుల అడుగున పడేలా పట్టుకుంటే బియ్యపు నూక కంటే సన్నగా తెల్లటి గుడ్లు కనబడతాయి. మొదటి రోజు గుడ్డు నిలబడి ఉంటుంది, మూడో రోజుకు పడుకుంటుంది. నిలబడిన గుడ్లు కనబడ్డాయంటే నిన్నో ఇవాళో రాణి అక్కడ ఉంది, మూసేయండి.

అడుగు పలక మాత్రం వారం వారం తుడవాల్సిందే, దానికి ఫ్రేములు కదపక్కర్లేదు. పుట్ట ఈగలు పాత నల్లటి తెట్టెను కొరికి పొడి చేసి కింద పడేస్తాయి. ఆ పొడిలోనే మైనపు పురుగు పిల్లలు పుడతాయి, తర్వాత తెట్టెలోకి సొరంగాలు తవ్వి సాలెగూడులా దారాలు అల్లుతాయి. ఈగలు కప్పని ఫ్రేము ఏదున్నా ఇప్పుడే తీసేయండి. అయిదు ఫ్రేముల ఈగలకు ఎనిమిది ఫ్రేముల ఇల్లు ఉంచితే మిగతా మూడూ పురుగువే. తీసిన మంచి తెట్టెల్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే గుడ్లతో సహా చస్తాయి. ఇంట్లో ఒప్పుకోవాలి, అది వేరే సంగతి. మరీ నల్లబడినవైతే కరిగించేయండి.

చీమలకు స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు అందరూ పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో అవి మధ్యాహ్నానికే ఆరిపోతాయి, చీమలు రాత్రికి ఎక్కుతాయి. నీళ్ల మీద ఓ చెంచా పాత ఇంజిన్ ఆయిల్ వేస్తే అంత త్వరగా ఆరవు. కాళ్లకు గ్రీజు రాసేవాళ్లు వారానికోసారి తుడిచి కొత్తది రాయాలి, దుమ్ము అంటుకున్న గ్రీజు మీద చీమలు హాయిగా నడుస్తాయి. పక్కన మొక్క కొమ్మ పెట్టెకు తగులుతున్నా చీమకు అదే వంతెన.

ఇప్పుడు లేచిపోవడం. పుట్ట ఈగకు మన ఇంటి మీద మమకారం ఏమీ ఉండదు. వేడి, పురుగు, చీమలు, తిండి కరువు, మాటిమాటికీ మూత తీయడం, వీటిలో రెండు కలిశాయంటే చాలు, రాణితో సహా వెళ్లిపోతుంది. కానీ చెప్పకుండా పోదు. ముందు గుమ్మంలో పుప్పొడి ముద్దలతో వచ్చే ఈగలు తగ్గుతాయి. రాణి గుడ్లు పెట్టడం మానేస్తుంది. నిల్వ తేనె కరిగిపోతుంది. ఫ్రేము ఎత్తితే ఈగలు నిలకడగా ఉండక అటూ ఇటూ పరుగెడతాయి. మూత వేసిన గదుల్లోని పిల్ల చాలావరకు బయటికొచ్చేదాకా ఆగి, ఒక ఉదయం లేస్తాయి. గుడ్లు లేకుండా మూసిన పిల్ల మాత్రమే ఉందంటే మీకు ఉన్న గడువు వారం పది రోజులు. అప్పుడు బాగున్న ఇంకో పెట్టెలోంచి గుడ్లు, చిన్న పిల్ల ఉన్న ఫ్రేము ఒకటి ఈగలు దులిపి ఇందులో పెట్టండి, సాయంత్రం పంచదార పాకం పట్టండి. సాకాల్సిన పిల్ల ఉన్న ఇల్లు వదిలి పోవడానికి ఈగలకు త్వరగా మనసు రాదు. గుమ్మానికి రాణి దాటలేని జాలీ కొన్నాళ్లు బిగించడం కూడా ఉంది, కానీ కారణం సరిచేయకుండా జాలీ ఒక్కటే పెడితే లాభం లేదు.

తేనె తీయాలా? ఉగాది పచ్చడికి మీరు వేపపువ్వు కోసిన రోజుల్లోనే మీ ఈగలూ కోతకు దిగాయి. వేప, కానుగ, నేరేడు, తర్వాత చింత, చుట్టుపక్కల నువ్వు చేలుంటే అదీ కలిసి ఏప్రిల్ దాకా బాగానే వస్తుంది. మే సగం దాటాక మీ డాబా చుట్టూ కిలోమీటరు మేర కొబ్బరి పుప్పొడి, అక్కడక్కడా చింత తప్ప పెద్దగా ఏమీ ఉండదు, పుట్ట ఈగ అంతకంటే దూరం పెద్దగా పోదు కూడా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ పదిహేను రోజులూ అవి తినేది ఇప్పుడు దాచుకున్నదే. మృగశిర వచ్చాక ముసురు పడితే మళ్లీ బయటికి పోలేవు. అందుకని పై గదిలో మూడొంతుల గదులకు మైనపు మూత పడిన ఫ్రేములుంటే అవి తీసుకోండి. మూత పడనివి వదిలేయండి, అందులో నీటి శాతం ఎక్కువ, పులిసిపోతుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. తేమ కొలిచే రిఫ్రాక్టోమీటర్, చేతిలో పట్టేది ఒకటి కొనుక్కోండి, నీళ్ల గ్లాసులో చుక్క వేసి చూసే పరీక్షలు, అగ్గిపుల్ల వెలిగించే పరీక్షలు నమ్మకండి. కింది పిల్లగదిలోని తేనె మాత్రం ఒక్క చుక్క ముట్టుకోవద్దు. రెండు నిండు ఫ్రేముల తేనె అయినా వాటికి మిగలాలి. తీసే పని సాయంత్రం పెట్టుకోండి, తెట్టెల్ని బయట ఆరుబయట పెట్టకండి. కరువు రోజుల్లో తేనె వాసన తగిలితే ఒక పెట్టె ఈగలు ఇంకో పెట్టెను దోచుకుంటాయి, గుమ్మం ముందు శవాలు తేలతాయి.

పాకం అవసరమైతే పంచదార, కాచి చల్లార్చిన నీళ్లు సమానంగా. బెల్లం వద్దు, వాటికి విరేచనాలు పట్టుకుంటాయి. ఒక గ్లాసుకు మించకుండా పొద్దు గూకాక లోపలే పెట్టండి, మునిగిపోకుండా గడ్డిపోచలు వేయండి. తెల్లారేసరికి మిగిలినది తీసేయండి, ఈ వేడికి ఒక్క రోజులో పులుస్తుంది. పాకం పట్టేటప్పుడు గుమ్మాన్ని రెండు వేళ్ల వెడల్పుకు తగ్గిస్తారు దోపిడీ జరగకుండా. అలా తగ్గిస్తే పైన జాలీ తెరిచి ఉంచాలి, లేదంటే ఉక్కతో చస్తాయి. మీరు తినబోయే తేనె పైన ఉండగా పాకం పట్టకండి, అది తేనె కాదు.

ఇటాలియన్ ఈగలు. అవి 1960ల మొదట్లో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో స్థిరపడ్డాక దేశమంతా పాకాయి. 1991, 92ల్లో ఈగల పిల్లను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పుట్ట ఈగల పెట్టెల్ని ఊడ్చేశాక చాలామంది వాటికి మారారు. తేనె ఎక్కువే ఇస్తాయి, లేచిపోయే గుణం తక్కువ. కానీ వాటి కడుపు పెద్దది. వాటితో బతికేవాళ్లు పూత వెంట లారీల్లో పెట్టెలు వేసుకుని తిరుగుతారు, మార్చిలో బిహార్‌లోని ముజఫర్‌పూర్ లిచీ తోటల దాకా పోయేవాళ్లున్నారు. మీ డాబా మీద కదలకుండా ఉంచితే మే నుంచి పాకం పోస్తూనే ఉండాలి. పైగా ఈగల ఒంటికి పట్టుకుని బతికే వరోవా పురుగు వాటికి పెద్ద బాధ, పుట్ట ఈగలు దాన్ని చాలావరకు తామే దులుపుకుంటాయి. సరదాకు పెంచే మీకు ఉన్నవే నయం. తేడా కళ్లతో చూడాలంటే ఏలూరు దగ్గర విజయరాయిలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారి తేనెటీగల కేంద్రం ఉంది, మీకు మరీ దూరం కాదు.

మే నెల గాలివానల్ని మరిచిపోకండి. డాబా మీద పెట్టె కాబట్టి స్టాండుతో కలిపి తాడుతో కట్టి మూత మీద ఇటుక పెట్టండి. పందిరిని కూడా గట్టిగా కట్టండి, అది లేచి పెట్టె మీదే పడుతుంది. దగ్గర్లో మామిడి తోట గానీ కూరగాయలు గానీ ఉంటే రైతును ముందే కలిసి, పురుగుమందు పొద్దు వాలాక కొట్టమని అడగండి. ఎవరికైనా ఈగ కుడితే ముల్లును గోటితో వెంటనే గీకి తీసేయండి. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కనబడితే ఇంటి వైద్యం పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి.

రెండో పెట్టె బరువు తక్కువగా ఉందని రాశారు, అదే నాకు కాస్త అనుమానంగా ఉంది. ఈ వారంలో ఒక ఉదయం తీసి చూసి మూడు సంగతులు చెప్పండి: నిలబడిన గుడ్లు ఉన్నాయా, ఈగలు కప్పిన ఫ్రేములు ఎన్ని, అడుగు పలక మీద పొడిలో దారాలు గానీ తెల్లటి పురుగులు గానీ కనబడ్డాయా. గుడ్లు లేకపోతే మొదటి పెట్టెలోంచి ఫ్రేము ఇవ్వాలా, రెండూ కలిపేయాలా అన్నది అప్పుడు చెబుతాను. అప్పటిదాకా దానిలోంచి తేనె తీయకండి.